బొమ్మా, బరువా? రోమన్ నాణెం చదవడం ఎలా

జేబులో రూపాయి బిళ్ళ ఉంటే ఓసారి తీసి చూడండి. ఒకవైపు మూడు సింహాలు, ఇంకోవైపు అంకె. మనిషి ముఖం ఎక్కడా ఉండదు. అదే మన ముత్తాతల నాటి వెండి రూపాయి దొరికితే, దాని మీద విక్టోరియా రాణో, ఐదో జార్జో పక్కకు తిరిగి కూర్చుని ఉంటారు. తల చుట్టూ పేరూ, బిరుదూ. పాలించేవాడి తలను పక్కనుంచి చూపించి చుట్టూ అక్షరాలు పేర్చే ఈ పద్ధతిని ఇంగ్లీషువాళ్ళు పెద్దగా మార్చకుండా రోమన్ల దగ్గర తీసుకున్నారు. టాస్ వేసేటప్పుడు మనం ‘బొమ్మా, బొరుసా?’ అంటామే, ఆ బొమ్మ గురించే ఈ వ్యాసం.

రోమన్ నాణేలు సేకరించేవాళ్ళలో చాలామంది ‘ఒక్కో చక్రవర్తిది ఒక్కో ముఖం’ అన్న లెక్కన మొదలుపెడతారు. ఆగస్టస్ నుంచి పశ్చిమ సామ్రాజ్యం కూలిన 476 దాకా, తిరుగుబాటు చేసి నాలుగు నెలలు ఏలినవాళ్ళనీ, రాణుల్నీ, యువరాజుల్నీ కలుపుకుంటే ఆ జాబితా వంద దాటిపోతుంది. క్రికెటర్ల కార్డులు పోగేసినట్టే ఉంటుంది మొదట్లో. కానీ కొన్ని ముఖాలు పక్కపక్కన పెట్టి చూశాక అసలు ప్రశ్న పుడుతుంది: ఈ మనిషి నిజంగా ఇలాగే ఉండేవాడా? ఇలా కనిపించాలని ఎవరు నిర్ణయించారు? ఆ ముఖం కింద ఉన్న లోహం కూడా అదే మాట చెబుతోందా?

ముందు తయారీ సంగతి తేల్చేద్దాం. రెండు అచ్చులు ఉంటాయి. బొమ్మ ఉన్న అచ్చును దాగలిలో బిగిస్తారు. బొరుసు అచ్చు పనివాడి చేతిలో ఉంటుంది. మధ్యలో వెండి బిళ్ళ పెట్టి, పైనుంచి సుత్తితో ఒక్క దెబ్బ. అచ్చులో ముఖాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి, లోపలికి గుంటగా చెక్కాలి. డెనారియస్ అనే వెండి నాణెం అడ్డకొలత 18, 19 మిల్లీమీటర్లు, అంటే మన రూపాయి బిళ్ళ కంటే చిన్నది. అంత చోటులో మెడ మీద ముడతలు, కంటి రెప్ప, చెవి తమ్మె, చుట్టూ ఇరవై ముప్పై అక్షరాలు! చేత్తో కొట్టింది కాబట్టి ఒకదానిలో ముక్కు అంచు దాటిపోతుంది, ఇంకొకదానిలో పేరు సగమే పడుతుంది. ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకే ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు నాణేలు ఎక్కడైనా కనిపిస్తే పరిశోధకులకు పండగ. అలాంటి జతలు ఎన్ని దొరికాయన్న దాన్ని బట్టి మొత్తం ఎన్ని అచ్చులు వాడి ఉంటారో అంచనా కడతారు. స్టాటిస్టిక్స్ పేపర్‌లో బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళు ఈ దారిలో ప్రయత్నించవచ్చు.

ఇక చుట్టూ ఉండే అక్షరాలు. చూడగానే భయపెడతాయి గానీ నిజానికి అవి నాలుగైదు పొట్టి మాటలే. ఐ-ఎం-పి అంటే ఇంపెరాటర్, సేనల అధిపతి. ఏ-వి-జి అంటే ఆగస్టస్ (లాటిన్‌లో అప్పట్లో వి, యు రెంటికీ ఒకటే అక్షరం). పి-ఎం అంటే ప్రధాన పూజారి. సి-ఓ-ఎస్ అంటే కాన్సల్ పదవి. టి-ఆర్-పి అంటే మన టీవీ చానళ్ళ రేటింగ్ కాదండోయ్, ట్రిబ్యూన్ అధికారం. ఈ అధికారాన్ని ఏటా కొత్తగా లెక్కించేవారు. దాని పక్కన రోమన్ అంకె ఉంటే అది ఎన్నో ఏడో తెలిసినట్టే. సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్ లాంటిది. ముఖం ఎవరిదో గుర్తుపట్టలేకపోయినా ఈ అంకెతో నాణేన్ని ఒక్క ఏడాదికి బిగించేయవచ్చు. రెండు వేల ఏళ్ళ నాటి వస్తువు తన పుట్టిన సంవత్సరం తానే చెప్పడం ఎంత అరుదో చరిత్ర చదివేవాళ్ళకి తెలుసు.

ఇప్పుడు ముఖాల్లోకి వద్దాం.

రోమన్లకు ‘రాజు’ అన్న మాటే గిట్టేది కాదు. అలెగ్జాండర్ తర్వాత వచ్చిన గ్రీకు రాజులు నాణేల మీద తమ ముఖాలు వేసుకున్నారు, కాబట్టి అది రాజుల బుద్ధి అని రోమన్ల లెక్క. రోమ్ టంకశాల నాణేల మీద దేవతలుండేవారు, ఎప్పుడో పోయిన పూర్వీకులుండేవారు. బతికున్న మనిషి ముఖం ఉండేది కాదు. ఆ గీత దాటినవాడు జూలియస్ సీజర్. క్రీ.పూ. 44 మొదట్లో సెనేట్ అనుమతితో అతని ముఖం డెనారియస్ మీదకి ఎక్కింది. సన్నటి పొడవైన మెడ, దాని మీద అడ్డంగా ముడతలు, లోతుకు పోయిన బుగ్గ, తల మీద నిండుగా ఆకుల దండ. ఆ దండ ఎప్పుడూ పెట్టుకునే గౌరవం సీజర్‌కు అన్నిటికంటే నచ్చిందనీ, కారణం బట్టతల దాచుకోవడమేననీ సూటోనియస్ అనే చరిత్రకారుడు రాశాడు. ఆ నాణేలు చేతులు మారుతుండగానే మార్చి 15న సీజర్‌ను సెనేట్ సమావేశంలో పొడిచి చంపారు.

చంపినవాళ్ళలో ముఖ్యుడు బ్రూటస్. రాజు కాబోతున్నాడన్నది సీజర్ మీద నేరం. తర్వాత క్రీ.పూ. 42లో, సైన్యంతో పాటు తిరిగే టంకశాలలో బ్రూటస్ ఒక నాణెం కొట్టించాడు. బొరుసు మీద రెండు బాకులు, వాటి మధ్య విడుదలైన బానిసలు పెట్టుకునే టోపీ, కింద ‘మార్చి మధ్య రోజు’ అని పొట్టి అక్షరాల్లో. హత్యను ఇంత బాహాటంగా చాటుకున్న నాణెం చరిత్రలో ఇంకొకటి ఉందా అంటే నాకైతే గుర్తురావడం లేదు. సరే, బొమ్మ వైపు తిప్పండి. అక్కడున్నది ఎవరు? బ్రూటస్! రాచరికం వద్దని కత్తి పట్టినవాడు రెండేళ్ళు తిరిగేసరికి తన ముఖాన్నే వెండి మీద వేయించుకున్నాడు. సైనికులకు జీతం ఇవ్వాలి, ఆ జీతం ఎవరిస్తున్నారో వాళ్ళకి తెలియాలి. ఆ అవసరం ముందు సిద్ధాంతం నిలవలేదు. రోమన్ గణతంత్రం ఎందుకు పోయిందో చెప్పడానికి నాకు పది పేజీల పాఠం కంటే ఈ ఒక్క బిళ్ళే ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత వచ్చిన ఆగస్టస్ ఇంకా తెలివైనవాడు. క్రీ.శ. 14లో చనిపోయేనాటికి అతనికి దాదాపు 76 ఏళ్ళు. నాణేల మీద మాత్రం చివరిదాకా పాతికేళ్ళ యువకుడే. నున్నటి బుగ్గ, గ్రీకు శిల్పంలా ముక్కు, ఒక్క ముడత లేదు. మన సినిమా పోస్టర్ల మీద హీరోలకు వయసు రానట్టే. నగరాల్లో విగ్రహం చూసేవాడు చూస్తాడు, చూడనివాడు చూడడు. నాణెం మాత్రం కూరగాయలమ్మే మనిషి చేతిలోకీ వెళుతుంది. సామ్రాజ్యంలో చాలామందికి చక్రవర్తి అంటే ఆ 19 మిల్లీమీటర్ల ముఖమే.

నీరో దగ్గర కథ వేరేగా నడుస్తుంది. క్రీ.శ. 54లో పదహారేళ్ళకే సింహాసనం ఎక్కాడు. ఆ ఏడాది నాణెం మీద నీరో, అతని తల్లి అగ్రిప్పీనా ఒకరికొకరు ఎదురుగా, సమానమైన సైజులో ఉంటారు. పైగా బొమ్మ వైపు చుట్టూ రాసింది తల్లి బిరుదులు. కొడుకు పేరు బొరుసు వైపుకి పోయింది. మరుసటి ఏడాది ఇద్దరూ ఒకే వైపు తిరిగారు, ముందు నీరో, వెనక నీడలా తల్లి. ఆ తర్వాత ఆమె ముఖమే లేదు. 59లో నీరో ఆమెను చంపించాడు. చరిత్రకారులు రాసిందంతా కాసేపు పక్కన పెట్టినా, ఈ మూడు నాణేలు వరసగా పెడితే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో అర్థమైపోతుంది. ఇక నీరో ముఖం ఏటేటా ఉబ్బుతూ వస్తుంది. మెడ తల కంటే లావైపోతుంది, జుట్టు ముందు వరసలు వరసలుగా లేస్తుంది. అది అతనికి నచ్చే ఉంటుంది, లేకపోతే అచ్చు చెక్కినవాడు బతికి బట్టకట్టేవాడు కాదు.

నీరో తర్వాత 69లో ఒక్క ఏడాదిలో నలుగురు చక్రవర్తులు. అందులో ఓథో మూడు నెలలే ఉన్నాడు. నాణెం మీద అతని జుట్టు మరీ చక్కగా, మెట్లు మెట్లుగా ఉంటుంది. విగ్గు పెట్టుకునేవాడని సూటోనియస్ చెప్పిన మాట ఈ బొమ్మ చూస్తే నమ్మాలనిపిస్తుంది. మూడు నెలల్లో కొట్టినవి ఎన్నుంటాయి? అందుకే సేకరించేవాళ్ళ జాబితాలో ఓథో గడి చాలాకాలం ఖాళీగా ఉండిపోతుంది. చివరికి నిలిచిన వెస్పేసియన్ ముసలి సైనికుడు. బట్టతల, గద్ద ముక్కు, బుగ్గ మీద గాడులు, ఏమీ దాచలేదు. ‘నేను నీరోను కాను’ అని చెప్పడానికి అంతకంటే మంచి దారి లేదు. ముడత కూడా ప్రచారమే అన్నమాట.

హేడ్రియన్ (117–138) నిండు గడ్డంతో కనిపించిన మొదటి చక్రవర్తి. అక్కడి నుంచి గడ్డం ఒక వంశ చిహ్నం అయిపోయింది. 193లో కత్తి బలంతో గద్దెనెక్కిన సెప్టిమియస్ సెవెరస్, అప్పటికి చనిపోయి పదమూడేళ్ళైన మార్కస్ ఆరీలియస్‌కు తానే దత్తపుత్రుణ్ణని తర్వాత ప్రకటించుకున్నాడు. పోయినవాళ్ళకి దత్తత వెళ్ళడం మన సీరియళ్ళలో కూడా చూడలేదు. అతని నాణేల మీది గడ్డం కూడా చూడగానే మార్కస్ గుర్తొచ్చేలా మారింది. అతని పెద్ద కొడుకు కారకల్లా 211లో తమ్ముడు గేటాను చంపించి, పేరు ఎక్కడా కనిపించకూడదని ఆజ్ఞాపించాడు. నేటి టర్కీలోని స్ట్రాటోనిసియా లాంటి ఊళ్ళలో అన్నదమ్ములిద్దరూ ఉన్న కంచు నాణేలు తీసుకుని గేటా ముఖాన్ని మాత్రం చెరిపేశారు. అన్న ముఖం ఒకవైపు, ఎదురుగా నున్నటి గుంట. చెరిపేసిన ముఖమే ఎక్కువ గుర్తుండిపోతుంది, అది వేరే సంగతి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ మాక్సిమినస్. 235లో రైన్ నది సరిహద్దులో సైన్యం అతన్ని చక్రవర్తిని చేసింది. చక్రవర్తిగా అతను రోమ్‌లో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. రోమ్ టంకశాలలో అచ్చులు చెక్కేవాళ్ళకి కొత్త ప్రభువు ఎలా ఉంటాడో తెలియదు, నాణేలు మాత్రం వెంటనే కావాలి. ఏం చేశారు? అంతకుముందున్న సెవెరస్ అలెగ్జాండర్ ముఖాన్నే కాస్త పెద్దది చేసి పేరు మార్చేశారు. కొన్నాళ్ళకు సరైన బొమ్మ అందినట్టుంది. నాణేల మీద ఒక్కసారిగా బండ దవడ, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం ఎముక, గుబురు కనుబొమ్మలు ప్రత్యక్షమయ్యాయి. పాత టెంప్లేట్ మీద పేరు మార్చి సబ్మిట్ చేయడం మనం కనిపెట్టిన విద్య కాదని తెలిసి నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఇక 293లో డయోక్లెటియన్ పాలనను నలుగురికి పంచాక ముఖాలు మళ్ళీ మాయమయ్యాయి. బొమ్మ ఉంటుంది గానీ నలుగురికీ ఒకటే బొమ్మ: చదరపు తల, పొట్టి జుట్టు, పొట్టి గడ్డం, బండ మెడ. పేరు చదివితే తప్ప డయోక్లెటియన్ ఎవరో, మాక్సిమియన్ ఎవరో చెప్పలేం. చెక్కేవాళ్ళకి చేతకాక అలా చేశారనుకోకండి. నలుగురం ఒక్కటే, మాలో మాకు తేడాల్లేవు అని చెప్పడం అప్పటి అవసరం. కొద్దికాలానికే వాళ్ళ వారసులు ఒకరినొకరు చంపుకున్నారు, అందులోంచి గడ్డం తీసేసిన నున్నటి ముఖంతో కాన్‌స్టాంటైన్ బయటికొచ్చాడు.

ఇదంతా బొమ్మ చెప్పే కథ. ఇప్పుడు బరువు చెప్పేది వినండి. మా మెటలర్జీ మిత్రులు ఇక్కడ నిద్ర లేవవచ్చు.

ఆగస్టస్ కాలపు డెనారియస్ దాదాపు స్వచ్ఛమైన వెండి. ఒక రోమన్ పౌను వెండికి 84 నాణేలు, అంటే ఒక్కోటి సుమారు 3.9 గ్రాములు. 64లో నీరో పౌనుకు 96 నాణేలు చేశాడు, బరువు 3.4 గ్రాముల దగ్గరికి దిగింది. దానితో పాటు రాగి కూడా కలిపాడు. ఎంత కలిపాడన్నది చాలాకాలం తప్పుగా లెక్కేశారు. కారణం తెలిస్తే మీకు నచ్చుతుంది. వెండి-రాగి మిశ్రమాన్ని వేడి చేస్తే పైనున్న రాగి ఆక్సైడ్‌గా మారుతుంది. దాన్ని ఆమ్లంలో ముంచి కడిగేస్తే పైపొరలో వెండి ఎక్కువగా మిగిలి తళతళలాడుతుంది. అలాంటి నాణేన్ని ఎక్స్-రే పరికరం కింద పెడితే అది పైపొరనే చదివి ‘మంచి వెండే’ అంటుంది. కెవిన్ బుచర్, మాథ్యూ పాంటింగ్ అనే పరిశోధకులు అంచు నుంచి సన్నటి రంధ్రం వేసి లోపలి లోహాన్ని తీసి పరీక్షించారు. నీరో మార్పు తర్వాత వెండి 80 శాతం దగ్గరికి పడిందని అప్పుడు తేలింది. ముఖం లావైన అదే రోజుల్లో నాణెం చిక్కిందన్నమాట.

అక్కడి నుంచి జారుడే. మధ్యలో ఒకరిద్దరు కొంచెం పైకి లాగినా, సెప్టిమియస్ సెవెరస్ నాటికి వెండి సగానికి వచ్చింది. 215లో కారకల్లా కొత్త నాణెం తెచ్చాడు. దాన్ని ఇప్పుడు ఆంటోనినియానస్ అంటున్నాం. తల మీద ఆకుల దండకు బదులు సూర్యకిరణాల కిరీటం. (రాణుల నాణెమైతే భుజాల కింద నెలవంక ఉంటుంది.) ఈ కిరీటం అలంకారం కోసం వచ్చింది కాదు, విలువకు గుర్తు. ఇది రెండు డెనారియస్‌లకు సమానం అని చెప్పడం దాని పని అని పండితుల అభిప్రాయం. లోపలున్న వెండి మాత్రం ఒకటిన్నర డెనారియస్‌దే! 260ల చివరికి గాలియెనస్ కాలంలో అందులో వెండి ఐదు శాతం కూడా లేదు. రాగి బిళ్ళకు వెండి పూత. చక్రవర్తి తల మీద కిరణాలు మాత్రం తగ్గలేదు. నాలుగు రోజులు చేతులు మారగానే ముక్కు మీద పూత పోయి ఎర్రటి రాగి బయటపడేది. ఎదుటివాడు ఇచ్చింది తీసుకోక తప్పని సామాన్యుడి పరిస్థితి ఏమిటో మనం ఊహించుకోవచ్చు. ఉన్నవాళ్ళు పాత మంచి నాణేలను కుండలో పెట్టి పాతేసుకున్నారు. అవే ఇప్పుడు మనకు దొరుకుతున్నాయి.

రోమ్ లోపల ఉన్నవాడికి ముఖాన్ని నమ్మక తప్పదు, ఎందుకంటే ఆ ముఖం వెనక చట్టం ఉంది, సైన్యం ఉంది. మరి సముద్రం ఇవతల ఉన్నవాడికి? ప్లినీ అనే రోమన్ రచయిత ఒక ముచ్చట చెబుతాడు. క్లాడియస్ కాలంలో ఒక రోమన్ ఓడ గాలికి కొట్టుకుపోయి సింహళానికి చేరింది. అక్కడి రాజు వాళ్ళ డెనారియస్‌లు చూశాడు. వాటి మీద వేర్వేరు ముఖాలున్నాయి, అంటే వేర్వేరు మనుషుల కాలంలో కొట్టినవి. అయినా అన్నిటి బరువూ ఒక్కటే. అది చూసి ఆ రాజు రోమన్ల నిజాయితీకి ముచ్చటపడ్డాడట. కథలో ఎంత నిజముందో గానీ, చూసిన పద్ధతి చూడండి. ముఖాలు లెక్కపెట్టి, తూకం వేసి, రెంటినీ పోల్చాడు. మనం చేయాల్సింది సరిగ్గా అదే.

తెలుగునేల మీద కూడా మనవాళ్ళు అదే పని చేశారు, ఇంకాస్త మొరటుగా. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లెలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలున్న నిక్షేపం బయటపడింది. వాటిలో చాలావాటి మీద చక్రవర్తి తలకు అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంటుంది. మన ప్రాంతంలో దొరికిన వేరే నిక్షేపాల్లో కూడా ఈ గాట్లున్నాయి. ఎందుకు పెట్టారన్న దాని మీద పండితులు ఒక్క మాట మీద లేరు. పరాయి రాజు ముద్ర ఇక్కడ చెల్లదని చెప్పడానికని కొందరు, లోపల రాగి ఉందేమోనని పరీక్షించడానికని కొందరు. నా ఓటు రెండోదానికే. రోమన్ కాలంలోనే రాగి గుండు మీద వెండి రేకు చుట్టి కొట్టిన దొంగ నాణేలు బోలెడున్నాయి. గీటురాయి మీద గీస్తే పైపొరే తెలుస్తుంది. ఉలితో ఒక్క పోటు పొడిస్తే లోపలి సంగతి బయటపడుతుంది. ఇందాక చెప్పిన పరిశోధకులు అంచుకు రంధ్రం వేసి చేసిన పని, రెండు వేల ఏళ్ళ కిందట మన షరాబు ఉలితో చేశాడు.

ఇంకో సంగతి. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండిలో ఎక్కువ భాగం రెండే రకాలు. ఆగస్టస్ మనవలు గేయస్, లూసియస్ డాళ్ళు, ఈటెలతో నిలబడి ఉన్నది ఒకటి. టైబీరియస్ ముఖం వెనక సింహాసనం మీద కూర్చున్న స్త్రీ ఉన్నది ఇంకొకటి. రెండూ నీరో కల్తీకి ముందువి, మంచి వెండివి. 64 తర్వాతి వెండి నాణేలు ఇక్కడ బాగా అరుదు. ఇక్కడి వర్తకులు నీరో ముఖం మీద కోపంతో అలా చేసి ఉండరు, తూకంలో తేడా కనిపెట్టే ఉంటారు. ప్లినీ ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు ఇండియాకు పోతున్నాయని వాపోయాడు. నాలుగు సెస్టర్షియస్‌లు ఒక డెనారియస్. అన్నీ వెండిలోనే కట్టారనుకుంటే కోటీ పాతిక లక్షల డెనారియస్‌లు, పాత బరువున 48 టన్నులకు పైనే వెండి. ప్లినీ అంకెను యథాతథంగా నమ్మక్కర్లేదు గానీ, ఆ స్థాయి వ్యాపారంలో ఉలి ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది.

అలాగని మనవాళ్ళు ఆ ముఖాల అందం చూడలేదా అంటే చూశారు. సంగారెడ్డి దగ్గరి కొండాపురం తవ్వకాల్లో టైబీరియస్ నాణేన్ని పోలిన మట్టి బిళ్ళ దొరికింది. అలాంటి బిళ్ళలు మెడలో వేసుకునేవారని అంటారు. శాతవాహనులు కూడా కొన్ని వెండి నాణేల మీద రాజు ముఖం వేయించారు, కానీ అది నేరుగా రోమ్ నుంచి కాక పక్కనున్న క్షత్రపుల నాణేల దారిలో వచ్చింది. మాట మాత్రం నేరుగానే వచ్చి ఉండిపోయింది. డెనారియస్ సంస్కృతంలో దీనారమైంది. గుప్తుల బంగారు నాణేనికి అదే పేరు. ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథుడికి జరిగిందని చెప్పుకునే కనకాభిషేకంలో కురిసినవీ దీనార టంకాలే. కవిసార్వభౌముడి తల మీద పడ్డ మాటలో, వెయ్యేళ్ళకు పైగా వెనక్కి వెళితే, రోమన్ సైనికుడి జీతం ఉంది.

ఇంతా చదివాక ‘నాకూ ఒకటి కావాలి’ అనిపించడం సహజం. ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడాలి.

మొదటిది దొంగ సరుకు. ఇది కొత్త వ్యాపారమేమీ కాదు. జర్మనీలో కార్ల్ విల్హెల్మ్ బెకర్ (1772–1830) అనేవాడు స్వయంగా అచ్చులు చెక్కి పురాతన నాణేలు కొట్టాడు. కొత్త మెరుపు పోవడానికి వాటిని ఇనుప రజనుతో కలిపి పెట్టెలో పోసి, గుర్రపుబండికి కట్టి రోడ్ల మీద తిప్పేవాడని చెబుతారు. ఇప్పుడైతే ఎక్కువగా అచ్చుపోత సరుకు. అంచు చుట్టూ అతుకు గీత, పైన సూదిమొన అంత బుడగల గుంటలు, సబ్బుబిళ్ళలా మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తే వదిలేయండి. బరువు తూచండి: 3.9 ఉండాల్సిన టైబీరియస్ 2.6 తూగితే ఆ అమ్మేవాడికి నమస్కారం పెట్టండి. ఆన్‌లైన్‌లో ‘మా తాతగారి పెట్టెలో దొరికింది’ అని మొదలయ్యే ప్రకటనల్ని నేనైతే ఆ ఒక్క వాక్యం దగ్గరే మూసేస్తాను.

రెండోది అంతకంటే పెద్దది. నాణెం అసలుదే, కానీ ఎక్కడి నుంచి వచ్చింది? ఇందాకటి బ్రూటస్ బాకుల నాణేనికి బంగారు రూపం కూడా ఉంది, ప్రపంచంలో రెండు మూడే తెలుసు. వాటిలో ఒకటి 2020లో లండన్ వేలంలో సుమారు 42 లక్షల డాలర్లకు పోయింది. తర్వాత దాని పూర్వచరిత్ర కాగితాలు తప్పుడువని దర్యాప్తులో తేలింది, 2023లో దాన్ని గ్రీసుకు తిరిగి ఇచ్చేశారు. అంత ఖరీదైన నాణెం నేలలో ఏ పక్కన, దేనితో కలిసి ఉందో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు. చౌకగా దొరికే, మట్టి కూడా వదలని కంచు నాణేల సంచుల్లో కూడా ఇదే జబ్బు. ఎక్కడో పొలంలో రాత్రిపూట డిటెక్టర్‌తో తవ్వి, చెల్లాచెదురు చేసి అమ్మినవి వాటిలో ఉంటాయి.

మన దగ్గర జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. నాగలికి కుండ తగులుతుంది. ‘లంకెబిందెలు!’ అని గుట్టుగా నలుగురు పంచుకుంటారు. నాలుగు వాటాల్లో మూడు కంసాలి కొలిమిలోకి పోతాయి. వెండి ధర వస్తుంది. పోయిందేమిటి? కుండలో అన్నిటికంటే కొత్త నాణెం ఏదో తెలిస్తే అది ఎప్పటి తర్వాత పాతిపెట్టారో తెలిసేది. ఎన్నింటి మీద గాట్లున్నాయో, ఏ ముఖాల మీదున్నాయో లెక్క తెలిసేది. అక్కన్‌పల్లె నాణేలు కలిసి దొరికి, కలిసి లెక్కకు వచ్చాయి కాబట్టే పైన రెండు పేరాలు రాయగలిగాను. విడిగా ఒక్క గాటు నాణెం చేతికొస్తే, ఎవడో పాడుచేశాడు పాపం అనుకునేవాళ్ళం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణేలు దేశం దాటించడం నేరం. మీ ఊళ్ళో ఎప్పుడైనా ఇలాంటి మాట వినిపిస్తే ఈ రెండు ముక్కలు చెప్పండి. ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు చెప్పాడంటే ఊళ్ళో కాస్త వింటారు.

కొనకుండా సేకరించే దారి ఒకటుంది. ‘ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ద రోమన్ ఎంపైర్’ అని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఉచితంగా నడిపే డేటాబేస్ ఉంది. చక్రవర్తి పేరు, టంకశాల, లోహం, అక్షరాలు దేనితోనైనా వెతకవచ్చు. ప్రపంచ మ్యూజియంల ఫోటోలు, వాటితో పాటు బరువులు కూడా కనిపిస్తాయి. చెన్నై వెళ్ళినప్పుడు ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియం చూడండి, దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేల పెద్ద సేకరణ వాళ్ళ దగ్గరుంది. ఫోన్‌లో ఒక ఫోల్డర్ చేసుకుని ఒక్కో ముఖానికి ఏడాది, బరువు, వెండి శాతం రాసుకుంటూ పోతే నాలుగైదు వారాంతాల్లో మీ దగ్గర లక్షలు పోసినా దొరకని ఆల్బమ్ తయారవుతుంది. ఓథో గడి కూడా నిండుతుంది!

ఈ నెల పని ఇది. ఆ డేటాబేస్‌లో మాక్సిమినస్ పేరు కొట్టండి. పేరు చివర జి-ఈ-ఆర్-ఎం అన్న అక్షరాలు లేనివి మొదటి రోజులవి, ఉన్నవి 236 నుంచీ కొట్టినవి. రెండు రకాల్లోంచి చెరి ఐదు ఫోటోలు తీసుకుని దవడ, నుదురు, ముక్కు పోల్చి, ముఖం ఎప్పుడు మారిందో పది వాక్యాల్లో తెలుగులో రాసి క్లబ్ మెయిల్‌కి పంపండి. బాగున్నవి వచ్చే సంచికలో వేస్తాం. అప్పుడు బొరుసు వైపు తిప్పుదాం.